ఎండాకాలం చెరువుల దారి

శ్రీ సత్యసాయి జిల్లాలోని గుడిబండ చుట్టుపట్ల తనంతట తాను పుట్టిన చెరువు అంటూ చెప్పుకోదగ్గది లేదు. మడకశిర, రొళ్ల, అమరాపురం, అటు హిందూపురం, పెనుకొండ, ఇంకా పైకి పోతే బుక్కపట్నం, ధర్మవరం. ఈ దారి పొడుగునా నీళ్లు కనబడిన ప్రతిచోటా పక్కన ఒక కట్ట ఉంటుంది. ఆ కట్టకు ఎవరో జాగా ఎంచారు, ఎవరో మట్టి మోశారు, ఎవరో రాయి పేర్చారు. అమెరికాలో మిన్నెసోటాను పదివేల సరస్సుల నేల అంటారు. ఫిన్లాండులో సరస్సులు లక్షన్నర దాటి ఉన్నాయి. వాటిని మంచుయుగంలో హిమానీనదాలు తొలిచి వదిలిపోయాయి. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు వేసవి సెలవులకు ఆ సరస్సుల ఒడ్డున డేరాలు వేసుకుని గడిపి వస్తాయి. మన సీమలోనూ చెరువుల దేశం ఉంది. అది మనుషులు చేసింది.

అందుకే ఈ దారికి నేనూ మా ఆయనా ఎండాకాలమే ఎంచుకున్నాం. డేరా, చాపలు, రాగిపిండి, ఊరుబిండి సీసా, నీళ్ల క్యాన్లు కారు వెనక వేసుకున్నాం. వానలు పడి చెరువులు నిండాక పోవచ్చు కదా అని ఇంట్లో అందరూ అన్నారు. నిండిన చెరువు కంటికి పండుగే, కాదనను. కాని చెరువు పుట్టుక తెలియాలంటే నీళ్లు దిగిపోవాలి. నీళ్లు దిగితేనే కట్ట లోపలి వాలు మీద పేర్చిన బండలు అడుగు దాకా కనబడతాయి. తూము నిలువునా బయటపడుతుంది: రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా బొక్కలున్న రాతి పలకలు. ఆ బొక్కల గుండా పొడుగాటి గుంజ దింపి అడుగునున్న రంధ్రాన్ని మూసేవారు, తెరిచేవారు. పూడిక ఎంత పేరుకుందో, పాతకాలపు లోతు ఎంత ఉండేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నిండుకాలంలో ఇవేవీ కనబడవు.

ఇక్కడి మనుషులు ఇంత శ్రమ ఎందుకు పడ్డారో చెప్పడానికి వాన లెక్క ఒక్కటి చాలు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. పడే ఆ కాస్త వానా నాలుగైదు పెద్ద జల్లుల్లో కురిసి వంకల్లో పారి పోతుంది. నదులూ అంతే. పెన్న, చిత్రావతి రెండూ కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి ఉత్తరంగా వస్తాయి. జయమంగళి తుమకూరు దగ్గర దేవరాయనదుర్గంలో పుట్టి హిందూపురం ప్రాంతంలో పెన్నలో కలుస్తుంది. మూడింటిలోనూ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. వచ్చిన నాలుగు రోజుల నీళ్లను పట్టి పది నెలలు దాచుకోవాలి. నేల మాత్రం ఇందుకు అనువైనది. ఎటు చూసినా గుట్టలు, గుట్టకూ గుట్టకూ నడుమ ఇరుకు సందు, దాని వెనక విశాలమైన పల్లం. ఆ సందును మూస్తే చెరువు. దాని మరవ నుంచి పొంగిన నీరు కిందికి పారి రెండో చెరువును, దాని మరవ నీరు మూడోదాన్ని నింపుతుంది. ఈ గొలుసులో ఒక కట్ట తెగితే కిందివాటికీ ముప్పే. ఒక మరవను అన్యాయంగా ఎత్తు పెంచితే కింది ఊళ్లకు ఎండే.

ఈ పనికి ఇక్కడ వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. గుడిబండకు పొరుగున, అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని. అప్పటి పేరు హెంజేరు. తొమ్మిది, పది శతాబ్దాల్లో వాళ్లు ఏలిన నొళంబవాడి ఇప్పటి ఆంధ్ర, కర్ణాటక, తమిళ నేలల మీదుగా పరుచుకుని ఉండేది. హేమావతిలో సిద్ధేశ్వరస్వామి గుడి, దొడ్డేశ్వరస్వామి గుడి చూసేవాళ్లు నల్లరాతి నునుపుకు ముచ్చటపడి వెళ్లిపోతుంటారు. ఆ కాలపు శాసనాల్లో ఇంకో ముచ్చట ఉంది, బిట్టువట్ట. గంగ, నొళంబ, బాణ రాజుల రోజుల్లో చెరువు కట్టినవాడికో, దాన్ని చూసుకునేవాడికో ఆ చెరువు కిందే కొంత నేల మాన్యంగా ఇచ్చేవారు. చెరువు నిండితేనే ఆ నేల పండుతుంది. కట్టను కాపాడటం, తన పంటను కాపాడుకోవడం ఒకటే పని అయ్యేట్టు ఏర్పాటు చేశారన్నమాట. ఇదే పద్ధతి తర్వాతి శతాబ్దాల్లో దశబంధం ఇనాముగా సీమ అంతటా నిలబడింది. గుడి కట్టిన రాజు కంటే ఈ ఏర్పాటు ఆలోచించిన మనిషి నాకు పెద్దవాడుగా కనబడతాడు. అతని పేరు ఏ రాతి మీదా లేదు.

పేరు మిగిలిన మనిషి ఒకడున్నాడు. ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికంటే కదిలించింది అతని కథ. 1388లో విజయనగర రాజు రెండో హరిహర రాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉన్నాడు. పెనుకొండకు కోట ఉంది, కొండ ఉంది, నీళ్లు చాలవు. ప్రాణులకు నీరే ప్రాణమని, ప్రజలు సుఖంగా ఉండాలని, హెన్నె నదిని, అంటే మన పెన్నను, పెనుకొండకు తీసుకురమ్మని నిండు కొలువులో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞ అందుకున్నవాడు సింగాయభట్టు. శాసనం అతన్ని పది విద్యల్లో చక్రవర్తి అని, జలసూత్రం తెలిసినవాడని చెబుతుంది. సింగాయభట్టు నది నుంచి సిరువెర చెరువుకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని రాజు పేరే పెట్టి, శాసనం వేయించాడు. ఈ శాసనం దొరికింది సరిహద్దు అవతల, గౌరిబిదనూరు తాలూకాలో. ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య నది నీళ్లంటే ట్రిబ్యునళ్లు, కోర్టులు గుర్తొస్తాయి. అప్పుడు ఆ నడుమ గీత లేదు. ఎగువన కాలువ మొదలుపెట్టి దిగువన చెరువు నింపడం ఒకే మనిషి చేతి పని.

ఆ మనుషులకు తెలిసిన విద్య ఎంతటిదో చూడాలంటే కడప జిల్లా పోరుమామిళ్లకు పోవాలి. మా దారికి అది చాలా ఎడం. అయినా ఎండిన చెరువు కట్ట మీద కూర్చుంటే ఆ శాసనమే గుర్తొస్తుంది. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, అక్కడ అనంతరాజ సాగరం అనే చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. ఇంతటితో ఆగి ఉంటే అది ఒక రాజు గొప్ప మాత్రమే అయ్యేది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా రాతి మీద చెక్కించారు. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తీపినీటి నది, రెండు కొండల నడుమ గట్టి రాతి కట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న గర్భం, దగ్గరలో మంచి రాతి గని, పనితనం తెలిసిన మనుషులు. ఇలా సాగుతుంది అంగాల పట్టిక. దోషాల్లో కట్టకు నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఈ చివరి రెండూ ఈనాడు ఏ నీటిపారుదల ఇంజనీరును అడిగినా చెప్పే మాటలే.

ఈ కొలతలు మనసులో పెట్టుకుని బుక్కపట్నం చెరువు కట్ట ఎక్కితే అది వేరేగా కనబడుతుంది. చిత్రావతి నీటి మీద ఆధారపడిన పెద్ద చెరువు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో పెద్ద చెరువులంటే బుక్కపట్నం, ధర్మవరం, శింగనమల, అనంతపురం అని వరసగా చెప్పుకుంటారు. బుక్కపట్నం పేరే బుక్కరాయలను తలపిస్తుంది. దిగువన అదే చిత్రావతి మీద ధర్మవరం చెరువు. దాన్ని కట్టించి, తల్లి ధర్మాంబ పేర ఊరు వెలయించినవాడు క్రియాశక్తి ఒడయరని స్థానికుల మాట. ధర్మవరం అనగానే పట్టుచీర గుర్తుకు వస్తుంది గాని, ఊరు పుట్టింది చెరువు వల్ల. అనంతపురానిదీ అదే కథ. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వంకకు అడ్డకట్ట వేసి చెరువు కట్టించాడని, ఆ చెరువు వల్లే ఊరు వెలసిందని చెబుతారు. దాని పక్కనే బుక్కరాయసముద్రం. ఆ కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ఊరి కోసం గండిలో నిలబడి ప్రాణమిచ్చిందన్న కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’గా రాశారు. ఆ కథ వింటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు అవుతుంది. ఎందుకు బలికి ఆడకూతురే దొరికింది అనే ప్రశ్న ఉండనే ఉంది. దానితోపాటు కట్ట తెగడమంటే ఊళ్లకు ఎంత భయమో కూడా ఆ కథే చెబుతుంది. గొలుసుకట్టులో పై చెరువు తెగితే రాత్రికి రాత్రి కింది ఊళ్లు పోతాయి.

ఇక డేరా సంగతి. సరదాకు డేరా వేసుకుని ఆరుబయట ఉండటం అనే వేడుకకు ఇంగ్లండులో 1901లో ఒక సంఘం పుట్టింది. సైకిళ్ల మీద డేరాలు కట్టుకుపోయేవాళ్ల సంఘం అది. దాన్ని మొదలుపెట్టిన లండన్ దర్జీ థామస్ హైరమ్ హోల్డింగ్ 1908లో పుస్తకం కూడా రాశాడు. మన చెరువుల దారిలో డేరా అంతకంటే చాలా పాతది. ఇక్కడ అది పనిమీద తిరిగే మనుషుల ఇల్లు. దండుతో కదిలే రాజుకు డేరా, బండ్లలో సరుకు తోలే వర్తకుడికి చెట్టు కింద మజిలీ, మందను తోలుకుపోయే గొర్రెలకాపరికి చెరువు గర్భంలోని పచ్చిక. పెనుకొండలో గగన్ మహల్ విజయనగర రాజుల వేసవి విడిది అంటారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని హంపి నుంచి పెనుకొండకే వచ్చింది. విడిదికైనా, రాజధానికైనా సింగాయభట్టు కాలువ లాంటి పనులే ఊపిరి.

దూరప్రయాణం అంటే అప్పట్లో ఎట్లా ఉండేదో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివితే తెలుస్తుంది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరాడు. నడి ఎండాకాలం. డేరాలు, పల్లకీలు, వంద మంది దాకా పరివారం. ఏ మజిలీలో నీళ్లు ఎట్లా ఉన్నాయి, నీడ ఉందా, సత్రం ఉందా అని ప్రతి చోటా రాసుకుంటూ పోయాడు. కారులో ఏసీ వేసుకుని పోయే మాకు కూడా చివరికి సాయంత్రం నాలుగింటికి పట్టుకునే ఆలోచన అదే. నీళ్లెక్కడ, తోపెక్కడ?

ఈ సీమలో డేరాను ఇల్లు చేసుకున్నవాడు మాత్రం థామస్ మన్రో. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా అనంతపురం కేంద్రంగా ఉంటూ, ఎక్కువ కాలం ఊరి నుంచి ఊరికి డేరాల్లోనే తిరిగాడు. పాళెగాళ్లను అణచడానికీ తిరిగాడు, భూములు కొలిపించి శిస్తు కట్టడానికీ తిరిగాడు. ఆ శిస్తు భారం చిన్నది కాదు, ఆ పాలన మనది కాదు. ఆ రెండూ మరిచిపోనక్కరలేదు. కాని శిస్తు తేల్చే జమాబందీకి రైతును తన కచేరీకి రప్పించుకోకుండా, తానే రైతు ఊరికి పోయి చెట్టు కింద డేరా వేసి లెక్క చూసే పద్ధతి సీమ జనానికి గుర్తుండిపోయింది. చెరువుల గురించి అతను చెప్పిన మాట కూడా గుర్తు పెట్టుకోదగ్గదే. ఈ జిల్లాల్లో కొత్త చెరువు కట్టాలనుకోవడం దండగ, చెరువుకు అనువైన జాగా ఏదీ ఇక్కడి జనం వదిలిపెట్టలేదు అని దాని సారాంశం. డేరాల్లో ఏళ్ల తరబడి తిరిగినవాడికే వచ్చే తెలివి అది. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి వదిలి పోయే ముందు పాత జిల్లాలు చూసి పోదామని వచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండ మకాములో కలరాతో చనిపోయాడు. అతని జ్ఞాపకార్థం పత్తికొండలో మెట్ల బావి కట్టి తోపు నాటారు. గుత్తిలో సత్రం కట్టారు. బాటసారికి నీళ్లు, నీడ, తల దాచుకునే చోటు.

చెరువులు ఎట్లా చెడ్డాయో చెప్పడానికి నాకు మనసొప్పదు గాని చెప్పక తప్పదు. ఊరివాళ్లే ఏటా పూడిక తీసి, కట్ట మరమ్మతు చేసుకునే కుడిమరామత్తు ఆచారం సడలిపోతోందని మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం చేసి బలవంతం చేయబోయింది. మాన్యాలకు కోత పెట్టి పనిని చట్టంతో రాబట్టబోతే అది జరగలేదు. 1876-78 కరువు ఈ జిల్లాలను ఊడ్చేసింది. స్వరాజ్యం వచ్చాక బోరుబావి వచ్చింది. ఎవరి పొలంలో వారికి నీళ్లు దొరికే రోజులు రాగానే ఊరంతా కలిసి కాయాల్సిన చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. నీళ్లు పంచే నీరుగంటి పని లేకుండా పోయాడు. చెరువు గర్భాల్లో సర్కారు తుమ్మ అల్లుకుంది. బోర్లు లోతుకు పోయి చివరికి అవీ ఎండాయి.

చెరువుల మీద మనకన్నా ఎక్కువ ఆధారపడ్డవాళ్లు హిందూపురానికి దగ్గర, చిలమత్తూరు మండలం వీరాపురంలో ఉన్నారు. ఏటా చలికాలం చివర కొంగలు జంటలు జంటలుగా వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, ఎండాకాలమంతా పిల్లలను సాకుతాయి. పత్రికల్లో తరచూ సైబీరియా కొంగలని రాస్తారు. అవి సైబీరియావి కావు, మన దేశపు పక్షులే. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు ఉండే పెద్ద కొంగలు. ఊరివాళ్లు వాటిని తమ ఆడపడుచుల్లా చూసుకుంటారు. రాళ్లు వేయనివ్వరు, చప్పుడు చేయనివ్వరు. కాని పిల్లల నోటికి చేప కావాలి, చేపకు చెరువులో నీళ్లు కావాలి. చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏడు ఆ ఊరి చెట్ల కింద పిల్లలు రాలి పడతాయి. వీరాపురానికి పోయేవాళ్లు ఊరి బయటే కారు ఆపి నడిచి వెళ్లాలి. అక్కడ డేరా వేయనే కూడదు.

కొత్త నీళ్లు కూడా వచ్చాయి. శ్రీశైలం వెనక నుంచి కృష్ణా నీటిని మెట్టు మెట్టుగా ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలువ 2016 డిసెంబరులో పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి చేరింది. పెన్నను పెనుకొండకు తెమ్మని ఆజ్ఞ వెలువడిన ఆరు వందల ఇరవై ఎనిమిదేళ్లకు కృష్ణ వచ్చింది. మడకశిర వైపుకూ దాని శాఖ కాలువ ఉంది. కొన్ని పాత చెరువులను ఈ నీళ్లతో నింపుతున్నారు. నింపిన చోట చుట్టుపక్కల బోర్లలో నీరు పైకి వచ్చిందని రైతులు సంతోషంగా చెప్పుకుంటారు. 2021, 2022 వానలకైతే ఏళ్ల తరబడి నిండని చెరువులు కూడా మరవ పోయాయి. మరవ పారిన రోజు ఊరు ఊరంతా కట్ట మీదకు వచ్చి గంగమ్మకు పసుపు కుంకుమలు ఇచ్చి, టెంకాయ కొట్టి పండుగ చేసుకుంటుంది.

ఈ దారిలో రాత్రి గడపాలనుకునే జంటలకు మాకు తెలిసింది చెబుతాను. డేరా వేసే ముందు ఊళ్లోకి పోయి పెద్దవాళ్లను అడగండి. అడిగినవాళ్లను ఈ పల్లెలు ఎప్పుడూ పొమ్మనవు, మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతాయి. గుడిబండ, రొళ్ల, అమరాపురం వైపు కన్నడం వినబడితే కంగారు పడకండి, ఆ ఊళ్లకు రెండు భాషలూ సొంతమే. చెరువు గర్భంలో ఇసుక మెత్తగా ఉందని అక్కడ డేరా వేయకూడదు. ఎగువన కర్ణాటకలో వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే వంక వస్తుంది. కట్ట మీద మేకులు దిగగొట్టడం, దాని మట్టి తవ్వి పొయ్యి పెట్టడం తప్పు. కట్టకు బొరియ పడటం అక్కడితోనే మొదలవుతుంది. కట్ట దిగువన తోపుల్లో, యజమాని ఒప్పుకుంటే, హాయిగా ఉండవచ్చు. మే నెలలో సాయంత్రం గాలిదుమారాలు లేస్తాయి కాబట్టి డేరా తాళ్లు గట్టిగా కట్టాలి. తేళ్లు ఉంటాయి, పొద్దున చెప్పులు దులిపి తొడుక్కోవాలి. పొద్దున ఆరు గంటలకే కట్ట చివర నుంచి చివరకు నడవండి. తూము స్తంభాల మీద చెక్కడాలు, కట్ట కింద వీరగల్లులు, మరవ దగ్గర రాతి గుంజలు ఏటవాలు ఎండలో బాగా కనబడతాయి. వాటికి సున్నం, రంగు పూయకండి, మీద పేర్లు చెక్కకండి.

పెనుకొండకు ఇప్పుడు కోట చూడటానికి, బాబయ్య దర్గాకు, కార్ల ఫ్యాక్టరీ పని మీద ఎంతోమంది వస్తున్నారు. సింగాయభట్టు శాసనాన్ని తెలుగులో, కన్నడంలో పెద్ద అక్షరాలతో రాయించి పెనుకొండలో అందరికీ కనబడే చెరువు కట్ట మీద నిలబెట్టాలని నా కోరిక. శ్రీ సత్యసాయి జిల్లా 2022లోనే కొత్తగా ఏర్పడింది. కొత్త జిల్లా పెట్టుకునే మొదటి గుర్తుల్లో అది ఒకటి కావాలి.